మన పాఠశాలలు – ప్రవేశాలు – ప్రచారం

(శతజయంతి విద్యా సదస్సులో ఒక పాఠశాల ఉపాధ్యాయుల, కమిటీ సభ్యుల పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



"ప్రైవేటు పాఠశాలల్లో ప్రవేశాలు, అందుకు తగిన ప్రచార సాధనాలు" అనే విషయం మీద మాట్లాడమని సదస్సు నిర్వాహకులు కోరినప్పుడు మాలో కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. "బడికి ప్రచారమేమిటి? మనమేమైనా సబ్బులు అమ్ముతున్నామా?" అన్నారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. మిషను బడిలో సీటు కోసం తెల్లవారుజామునే గేటు ముందు బారులు తీరిన తల్లిదండ్రులను వారు కళ్లారా చూసినవారు. అయ్యగారి సిఫారసు ఉత్తరం చేతబట్టుకొని వచ్చినా సీటు దొరకని రోజులవి.

ఆ రోజులు గతించాయి. మా పాఠశాలలో మూడు తరగతి గదులకు తాళాలు పడిన తర్వాతనే మేము ఈ సంగతి ఒప్పుకున్నాము. కనుక ఈనాడు మీ ముందు నిలబడి మాట్లాడుతున్నది విజయం సాధించినవారు కాదు. దెబ్బ తిని, కొంత నేర్చుకొని, ఇంకా నేర్చుకుంటున్నవారు. ఆ నేర్చుకున్నది మీతో పంచుకోవడమే మా ఉద్దేశం.

మే నెల ఎండలో

ప్రవేశాల కాలం ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఏప్రిల్ వచ్చేసరికి ప్రతి కూడలిలోను ఫ్లెక్సీలు లేస్తాయి. ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ముఖాలు, వాటి కింద పెద్ద పెద్ద అంకెలు. ఆటోకు మైకు కట్టి వీధి వీధినా తిప్పుతారు. చిన్న ప్రైవేటు బడుల్లో ఉపాధ్యాయులకు వేసవి సెలవులు పేరుకే. తలా ఇన్ని అడ్మిషన్లు తేవాలని లెక్క కట్టి, దరఖాస్తు ఫారాలు చేతికిచ్చి, ఇంటింటికీ పంపుతారు. పాఠం చెప్పవలసిన గొంతు గుమ్మాల దగ్గర బతిమాలుతూ ఎండిపోతుంది.

మేము కూడా ఆ పని చేశాము. దాచడం ఎందుకు? ఒక వేసవిలో రంగు రంగుల కరపత్రాలు అచ్చు వేయించి మా ఉపాధ్యాయులను పేటలకు పంపాము. ఆ కరపత్రం మీద భవనం బొమ్మ, స్థాపించిన సంవత్సరం, "క్రమశిక్షణకు మారుపేరు" అనే మాట, కింద ఫోను నెంబరు. మా టీచరు ఒకామె ఒక ఇంటి ముందు నిలబడి కాగితం అందించింది. ఆ ఇల్లాలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఇలా అన్నది:

"టీచరమ్మా, మా పెద్దవాడు మీ బడిలోనే నాలుగేళ్లు చదివాడు. ఆ నాలుగేళ్లలో ఫీజు కట్టమని తప్ప మీరు మాతో ఒక్క మాటైనా చెప్పారా? వాడేం నేర్చుకుంటున్నాడో, ఎక్కడ వెనకబడ్డాడో మాకు తెలియనే తెలియదు. ఈవేళ చిన్నదాని కోసం గుమ్మం ఎక్కి వచ్చారా?"

టీచరు తిరిగి వచ్చి స్టాఫు రూములో ఈ మాటలు చెప్పినప్పుడు మాలో ఎవరమూ తలెత్తలేకపోయాము. ఆ తల్లి మమ్మల్ని తిట్టలేదు. ఉన్న మాట అన్నది.

ఎవరికి రాశాము, ఎవరికి రాయలేదు

ఈ లోపం ఎక్కడి నుండి వచ్చిందని మేము ఆలోచించాము. మన బడులు రాయడం ఎరగనివి కావు. పాత బీరువాలు తెరిస్తే కట్టలు కట్టలుగా నివేదికలు బయటపడతాయి. తొలినాటి మిషనరీలు తమ బడుల గూర్చి స్వదేశాల్లోని మిషను సంఘాలకు ఉత్తరాలు, వార్షిక నివేదికలు పంపేవారు. విరాళాలు రావడానికి అవే ఆధారం. 1854లో సర్ చార్లెస్ వుడ్ పంపిన విద్యా తాఖీదు తరువాత ప్రైవేటు బడులకు, మిషను బడులకు సర్కారు గ్రాంటు ఇచ్చే పద్ధతి ఏర్పడింది. అప్పటి నుండి ఇన్‌స్పెక్టరు గారి కోసం రాయడం మొదలుపెట్టాము. ఈనాడు ప్రతి పాఠశాలకు పదకొండు అంకెల యూడైస్ నెంబరు ఉన్నది. పిల్లలెందరు, గదులెన్ని, కుళాయిలెన్ని అనే వివరాలన్నీ ఏటా ప్రభుత్వానికి నింపి పంపుతున్నాము. అధ్యక్ష మండల కార్యాలయానికి వేరే లెక్క.

ఇలా ఎప్పుడూ పైవారికే రాశాము. గేటు దగ్గర నిలబడిన తల్లికి మాత్రం రాయలేదు. ఆమెకు అందినవి మూడే కాగితాలు: ఫీజు నోటీసు, మార్కుల కార్డు, సెలవు ప్రకటన.

ప్రవేశం అంటే ఏమిటో మన చరిత్రే మనకు చెబుతున్నది. 1843లో రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ గారు మచిలీపట్నంలో ఇంగ్లీషు పాఠశాల ప్రారంభించారు. 1852లో అక్కడి విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మం పొందినప్పుడు పట్టణంలో గొప్ప కలవరం పుట్టింది. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించడంతో బడి దాదాపు ఖాళీ అయింది. తిరిగి నిలదొక్కుకోవడానికి ఎంతో ఓర్పు కావలసి వచ్చింది. ఆనాటి వాదోపవాదాల్లోకి మేము వెళ్లడం లేదు. ఒక్క సంగతి మాత్రం గమనించండి. బడిలో పిల్లవాడి పేరు రాయించడం అంటే తల్లిదండ్రులు తమ నమ్మకాన్ని అప్పగించడం. అప్పగించిన దానిని ఒక్క పూటలో వెనక్కి తీసుకుపోగలరు. భవనం, పేరు, వయస్సు ఏవీ దానిని ఆపలేవు.

బడి ఉత్తరం

ఆ వేసవి తరువాత కమిటీ సమావేశంలో పెద్ద చర్చ జరిగింది. బస్టాండు దగ్గర హోర్డింగు పెట్టాలని కొందరు, ర్యాంకుల ప్రకటన వేయాలని కొందరు పట్టుబట్టారు. హోర్డింగు అద్దె ఎంతో కనుక్కొని వచ్చిన కోశాధికారి గారు ఆ అంకె చదవగానే గది నిశ్శబ్దమైంది. అప్పుడు మా హెడ్‌మిస్ట్రెస్ గారు, "ఆ తల్లి అడిగింది హోర్డింగు కాదు కదా! బడిలో ఏం జరుగుతున్నదో చెప్పమన్నది. చెబుదాం" అన్నారు.

అలా మొదలైంది మా బడి ఉత్తరం. ప్రతి శుక్రవారం ఒక పేజీ. తల్లిదండ్రుల ఫోన్లకు పంపుతాము, గేటు పక్క బోర్డు మీద అంటిస్తాము. చదువు రానివారి కోసం ఒక టీచరు దానిని చదివి, గొంతు రికార్డు చేసి పంపుతుంది.

మొదటి ఉత్తరాలు ఎవరూ చదవలేదు. ఎందుకు చదువుతారు? అతిథి గారి రాక, పూలదండ, శాలువా, జ్యోతి ప్రజ్వలన, వందన సమర్పణ ఇవే కదా మేము రాసింది! మా గొప్ప మేము చెప్పుకున్నాము. కరపత్రం పోయి ఉత్తరం వచ్చిందే గాని లోపలి సరుకు మారలేదు.

తరువాత రెండవ తరగతి టీచరు వంతు వచ్చింది. ఆమెకు సభల గూర్చి రాయడం రాదు. తీసివేత లెక్కల్లో "అప్పు తెచ్చుకోవడం" పిల్లలకు ఎందుకు అర్థం కాదో, తాను చింతపిక్కలను పదేసి చొప్పున మూటలు కట్టి ఎలా నేర్పుతున్నదో రాసింది. ఇంట్లో అదే ఆటను ఎలా ఆడించవచ్చునో చివర నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆ వారం గేటు దగ్గర తల్లులు చింతపిక్కల గూర్చే మాట్లాడుకున్నారు. ఆటో నడిపే ఒక తండ్రి ఆ గొంతు రికార్డును స్టాండులో నలుగురికీ వినిపించాడట. కువైట్‌లో పని చేసుకుంటున్న ఒక తల్లి, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న తన కొడుకుకు ఫోనులోనే ఆ లెక్కలు చేయించింది. మా బడి గోడ దాటి అంత దూరం వెళ్లగలదని మాకు ఆనాడే తెలిసింది.

అసలు పరీక్ష ఆ తరువాత వచ్చింది. "ఆడపిల్లల మరుగుదొడ్లలో నీళ్లు రావట, నిజమేనా?" అని ఒక తల్లి ఫోనులో అడిగింది. కమిటీలో కొందరం దానికి జవాబు ఇవ్వవద్దన్నాము. ప్రవేశాల ముందు ఇటువంటి మాట బయటికి పొక్కితే ఉన్నవాళ్లు కూడా పోతారని మా భయం. హెడ్‌మిస్ట్రెస్ గారు వినలేదు. ఆ శుక్రవారం ఉత్తరంలో, "నిజమే. మోటారు చెడిపోయి పది రోజులైంది. పిల్లలు ఇబ్బంది పడుతున్నారు. ఇది మా తప్పు. అంతవరకు డ్రమ్ములతో నీళ్లు పెట్టిస్తున్నాము. ఫలానా తేదీ లోపల మోటారు బాగు చేయిస్తాము" అని రాశారు. ఆ తేదీకి ఒక రోజు ముందే బాగు చేయించి, ఆ సంగతి కూడా రాశారు. మోటారు తొందరగా బాగుపడటానికి ఆ ఉత్తరమే కారణమని మీకు వేరే చెప్పనక్కరలేదు. రాసిన మాట మా మెడ మీద కూర్చున్నది.

జూన్‌లో కొత్తగా చేరడానికి వచ్చిన వారిని, "మా బడి సంగతి మీకు ఎలా తెలిసింది?" అని అడిగాము. ఒకరి తరువాత ఒకరు ఆ మరుగుదొడ్ల ఉత్తరం ప్రస్తావించారు. ఒక తండ్రి, "తప్పు ఒప్పుకునే బడిని నేనింతవరకు చూడలేదండి" అన్నాడు. మేము దాచిపెట్టాలని తాపత్రయపడిన సంగతే మాకు పిల్లలను తెచ్చింది.

ఫలితం ఎంత? తాళం వేసిన మూడు గదుల్లో ఒకటి తెరిచాము. రెండు ఇంకా మూసే ఉన్నాయి. ఉన్నది ఉన్నట్లు చెప్పాలనే మా మాట ఇక్కడ కూడా వర్తిస్తుంది.

మేము నేర్చుకున్న సంగతులు

మొదటిది: రాయడం మే నెలలో మొదలుపెట్టే పని కాదు. మన రాష్ట్రాల్లో బడులు సాధారణంగా జూన్ రెండవ వారంలో తెరుస్తారు. అయితే బిడ్డను ఎక్కడ చేర్చాలనే మాట సంక్రాంతికి చుట్టాలు కలిసినప్పుడే ఇళ్లలో మొదలవుతుంది. అప్పటికి వారి చేతిలో మన ఉత్తరాలు ఉండాలంటే ముందటి జూన్ నుండే రాస్తూ ఉండాలి. విత్తనం వేసిన రోజునే కంకి కోయాలంటే కుదరదు.

రెండవది: తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలే ఉత్తరానికి విషయాలు. ఫీజు మొత్తం ఎంత? బస్సుకు, పుస్తకాలకు, పరీక్షలకు వేరే ఎంత? తరగతికి ఎంతమంది పిల్లలు? టీచర్ల చదువు ఏమిటి? ఇంగ్లీషు మీడియం అయితే పిల్లకు తెలుగు చదవడం వస్తుందా? పిల్లవాడిని కొడతారా? 2009 నాటి విద్యా హక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో 30 మంది పిల్లలకు ఒకరు, ఆరు నుండి ఎనిమిది తరగతుల్లో 35 మందికి ఒకరు చొప్పున ఉపాధ్యాయులు ఉండాలని చెప్పింది. మన తరగతుల్లో ఎందరున్నారో మనమే ముందుగా చెప్పాలి. అడిగించుకొని చెప్పినది సంజాయిషీ అవుతుంది. అడగక ముందే చెప్పినది నమ్మకం అవుతుంది.

మూడవది: భాష. తల్లి ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయాలి. మన బడి ఇంగ్లీషు మీడియం కావచ్చును, ఆమె కాకపోవచ్చును.

నాలుగవది: తరగతి గదిలో నిలబడేవారే రాయాలి. డబ్బిచ్చి బయటివారి చేత రాయిస్తే అక్షరాలు అందంగా ఉంటాయి గాని చింతపిక్కలు ఉండవు. అయితే టీచరు మీద ఇది అదనపు బరువు కాకూడదు. రాసే వారం ఆమెకు రెండు పీరియడ్లు తగ్గించాము.

ఐదవది: దరఖాస్తు ఫారంలో "మా గూర్చి ఎలా తెలిసింది?" అనే ఒక గీత చేర్చండి. ఖర్చు లేని పని. దేనికి ఖర్చు పెట్టాలో, దేనికి మానాలో ఆ గీతే చెబుతుంది.

చేయకూడని పనులు

ప్రచారానికి హద్దులున్నాయి. కొన్ని చట్టం పెట్టినవి, కొన్ని మనస్సాక్షి పెట్టినవి.

విద్యా హక్కు చట్టం 13వ సెక్షను కాపిటేషన్ ఫీజును, ప్రవేశం కోసం పిల్లవాడికి గాని తల్లిదండ్రులకు గాని పరీక్ష పెట్టి వడపోయడాన్ని నిషేధించింది. కాపిటేషన్ ఫీజుకు పది రెట్ల వరకు జుల్మానా. వడపోతకు మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆ తరువాత ప్రతిసారీ 50,000 వరకు. 2014లో సుప్రీంకోర్టు ఈ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని తీర్పు చెప్పింది. ఆ తీర్పును పునఃపరిశీలించవలసి ఉన్నదని 2025లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అభిప్రాయపడింది. న్యాయస్థానాల మాట అలా ఉంచండి. చట్టం మనలను మినహాయించినంత మాత్రాన నాలుగేళ్ల పసివాడిని ఇంటర్వ్యూ చేసి వెనక్కి పంపడం మనకు తగునా?

ర్యాంకుల ప్రకటనల సంగతి చూడండి. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ సంస్థల ప్రకటనలకు మార్గదర్శకాలు జారీ చేసింది. ఎంపికల సంఖ్య, ర్యాంకుల గూర్చి అబద్ధాలు చెప్పరాదని, విజయం సాధించిన విద్యార్థి రాతపూర్వక సమ్మతి లేకుండా వారి పేరు, ఫోటో వాడరాదని అందులో ఉన్నది. అవి కోచింగ్ సంస్థలకే కావచ్చును, నీతి మాత్రం అందరిదీ. ఒక్కరి ముఖం గోడకెక్కితే, గోడకెక్కని నలభై మంది ఆ గోడ పక్కగానే రోజూ బడికి రావాలి.

పిల్లల వివరాలు మన సొత్తు కావు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే లెక్కించి, వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలని నిర్దేశించింది. మేము ఇంకొక అడుగు ముందుకు వేసి ఒక నియమం పెట్టుకున్నాము. వెనకబడిన పిల్ల పేరు ఉత్తరంలో రాయము. ఫీజు రాయితీ పొందిన పిల్లవాడి ఫోటో, పుస్తకాలో బట్టలో దానం పుచ్చుకుంటున్న ఫోటో ఎప్పటికీ వేయము. ఈ మాట కొందరు దాతలకు రుచించలేదు. అయినా ఆ పిల్లవాడు రేపు పెద్దవాడవుతాడు. ఆ ఫోటో అప్పటికీ ఎవరో ఒకరి ఫోనులో ఉంటుంది.

ఇంకొక సంగతి. పక్క వీధిలోని సర్కారు బడిని తక్కువ చేసి మన బడిని నింపుకోవద్దు. తెలంగాణలో ప్రభుత్వ ఉపాధ్యాయులు కూడా బడిబాట పేరున ఇంటింటికీ వెళ్లి పిల్లలను పిలుస్తున్నారు. వారూ మనలాంటి ఉపాధ్యాయులే. మన బడిలో ఏమున్నదో చెప్పుకుందాము. ఎదుటి బడిలో ఏమి లేదో చెప్పడం మన పని కాదు.

పిండి కొద్దీ రొట్టె

ఇంత చెప్పిన తరువాత ఒక హెచ్చరిక. ఉత్తరం బడికి బదులు కాదు. పిండి కొద్దీ రొట్టె. లోపల పాఠం జరగకుండా బయట ఎంత బాగా రాసినా, చేరిన పిల్లలు మరుసటి సంవత్సరం టి.సి. అడుగుతారు. నిజానికి బడి ఉత్తరం వల్ల మాకు కలిగిన మొదటి లాభం ప్రవేశాలు కాదు. శుక్రవారం రాయడానికి ఏమైనా ఉండాలి కనుక సోమవారం నుండి ఏమైనా చేయవలసి వచ్చింది. రాయడానికి ఏమీ లేని వారం వస్తే అది మమ్మల్ని మేము నిలదీసుకునే వారం.

చివరిగా సంఘస్థులైన మీకు ఒక మాట. కటువుగా తోస్తే మన్నించండి. ఇక్కడ కూర్చున్న మనలో చాలామందిమి మిషను బడుల్లో చదువుకొని ఇంతవారమైనవాళ్లము. శతజయంతి వేళ ఆ బడులను తలచుకొని కంటనీరు పెట్టుకుంటున్నాము. కాని మన పిల్లలను, మనవలను ఎక్కడ చేర్చాము? మా కమిటీలోనే ఈ ప్రశ్న వేసుకుంటే సగం మందిమి జవాబు చెప్పలేకపోయాము. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మీ బిడ్డను మన బడిలో తప్పక చేర్చమని మేము అడగడం లేదు. ఎందుకు చేర్చడం లేదో ఆ బడికి ఒక ఉత్తరం రాయమని అడుగుతున్నాము. దాచకుండా రాయండి. ఆ ఉత్తరం కమిటీ బల్ల మీదికి వస్తే, అది వంద హోర్డింగులకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఆ రోజు గుమ్మంలో మా టీచరును నిలదీసిన తల్లి తన చిన్నమ్మాయిని మా బడికి పంపలేదు. వేరే బడిలో చేర్చింది. ఆమె మాటలను మాత్రం మేము బడి ఉత్తరాల ఫైలు మొదటి పేజీలో రాసి పెట్టుకున్నాము. కొత్తగా చేరిన ప్రతి టీచరు ముందుగా ఆ పేజీ చదువుతుంది. మా బడి మూసిన గదులు తెరుచుకునేది ఆ ప్రశ్నకు జవాబు చెప్పినంత మేరకేనని మా నమ్మకం.